బొట్టు కింద ఎర్ర దీపం

నాకు చెవులు పోతున్నాయన్న సంగతి నాకంటే ముందు మా ఇంటి కుక్కరుకు తెలిసింది.

మదనపల్లెలో మాది రెండు గదుల ఇల్లు. వీధివైపు గది మైకుసెట్టు అంగడి, వెనక గదిలో వంటా పడకా అన్నీ. ఆ రోజు మా ఆవిడ స్టవ్వు మీద పప్పు పెట్టి, కూతలొచ్చాక దించమని నాకు చెప్పి కొళాయికి పోయింది. నేను అంగడిలో కూర్చుని చిక్కుపడ్డ వైరు విప్పుకుంటూ ఉన్నాను. ఆమె బిందెతో తిరిగొచ్చేసరికి వెనక గదంతా మాడు వాసన. కుక్కరు కూతే పెట్టలేదని, దాని వెయిటు అరిగిపోయిందని, మార్చమంటే ఎప్పుడన్నా నా మాట విన్నావా అని ఆమె మీదే ఎగిరాను. కోపం నాకు ముక్కు మీదుంటుంది, అది ఊరందరికీ తెలుసు. ఆమె బిందె దించి నా మొహంకేసి చూస్తూ నిలబడింది.

మరుసటి రోజు నుంచి పరీక్షలు మొదలుపెట్టింది. నాకు వీపు తిప్పి, స్టవ్వు వైపు చూస్తూ ఏదో ఒకటి అడిగేది. నేను పలక్కపోతే గిరుక్కున తిరిగి చూసేది. తనలో తాను గొణుక్కుంటోందేమో అనుకుని నేను ఊరుకునేవాణ్ణి. చివరికి ఒకరోజు నా ఎదురుగా వచ్చి చతికిలబడి, పెదాలు బాగా కదిలేలా అడిగింది.

"నీకు ఇనపడతాండాదా, లేదా? నిజం సెప్పు."

వినపడుతోంది అన్నాను. గట్టిగానే అన్నాను. ఎంత గట్టిగానంటే పక్కింటివాళ్లు తలుపు తీసి తొంగి చూశారు.

మేస్త్రీకి చెవుడొస్తే గోడ కట్టుకోవచ్చు. టమోటా మండీలో బుట్టలెత్తేవాడికి చెవుడొచ్చినా బుట్ట బరువు మారదు. మైకుసెట్టువాడికి చెవుడు రావడమేమిటి, ఎవరన్నా వింటే నవ్విపోరా? చెవిటివాడి ముందు శంఖమూదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట అన్న సామెత చెప్పి ఎన్ని పెళ్లి పందిళ్లలో నవ్వించానో నేనే. గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో ఇక వాటికే మిగిలాయి.

నా చెవుల్ని తిన్నది ఎవరో నాకు తెలుసు. మా నాయన నుంచి వచ్చిన సెట్టు మాది, పాత వాల్వు సెట్టు. ఇనప పెట్టె, పైన చిల్లుల మూత, లోపల గాజు బుడ్లలాంటి వాల్వులు. స్విచ్చి వేసిన వెంటనే పలకదు. వాల్వుల్లో తీగ నారింజరంగు తిరిగి, వేడెక్కాకే గొంతు విప్పుతుంది. తొంభైలు వచ్చేసరికి మా ఊళ్లో అందరూ ట్రాన్సిస్టరు సెట్లకు మారిపోయారు. నేను మారలేదు. తంబళ్లపల్లె వైపు పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే కరెంటు నీరసపడిపోతుంది, ఆపితే ఎగిరిపడుతుంది. ఆ దెబ్బకు కొత్త సెట్లు టప్పున పోయేవి. మాది మాత్రం గేదెలాగా అన్నీ ఓర్చుకునేది. దాని గొంతు కూడా వేరు. నిమ్మనపల్లెలో హరికథ జరుగుతుంటే గుట్ట మీద గొర్రెలు కాసుకునేవాడు కూడా పదం పోకుండా పట్టుకునేవాడు. ఆ పదాలన్నీ నా నెత్తి మీద కట్టిన గొట్టాల్లోంచే పోయేవి. వాటి కిందే కూర్చుని పెరిగాను, వాటి కిందే నెరిశాను.

మా ఆవిడ పోరు పడలేక ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి, గది తలుపు మూసి ఏవేవో సన్నటి మోతలు వినిపించాడు. వినపడినప్పుడు చెయ్యెత్తమన్నాడు. నేను చెయ్యెత్తకుండా చాలాసేపు కూర్చున్నాను. సన్నటి శబ్దాలు ముందు పోతాయట, లావుపాటివి తర్వాత పోతాయట, నరం ఎండిపోతోంది కాబట్టి మందు లేదట. చెవికి మిషను పెట్టుకుంటే కొంత ఉపయోగం ఉండొచ్చన్నాడు. చెవిలో మిషను పెట్టుకున్నవాణ్ణి మైకు పెట్టమని పిలిచే మారాజు ఎవరండీ, నాకు చూపించండి అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసి నా చేతికిచ్చాడు. బస్టాండులో దాన్ని చింపేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే నా గోడు అర్థం కాదు. మైకువాడి పని గొట్టాలు కట్టడమూ వైర్లు లాగడమూ కాదు, అది ఎవడైనా చేస్తాడు. సెట్టుకు ఎంత సత్తువుందో అంతే మోయించడం అసలు పని. హరికథ దాసు ఉన్నట్టుండి గొంతెత్తుతాడు. ఆ గొంతు వాల్వుల శక్తికి మించితే మాట పగులుతుంది. కొత్త గుడ్డ చించినట్టు ఒక చీలిక వినిపిస్తుంది. ఆ చీలిక వినగానే చెయ్యి దానంతటదే పోయి, గొంతు పెంచి తగ్గించే బిరడా కొంచెం వెనక్కి తిప్పాలి. తిప్పకపోతే వాల్వుల్లో రేకులు ఎర్రగా కాలుతాయి, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుంది, చివరికి దాని చుట్ల మీద పూసిన వార్నీషు కమురుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు పోతే మళ్లీ చుట్టేవాడు మా చుట్టుపక్కల లేడు. వాల్వుల కోసమే బెంగళూరు పాత సామాన్ల వీధిలో కాళ్లరిగేలా తిరిగేవాణ్ణి.

ఆ చీలిక సన్నటి శబ్దం. డాక్టరు ముందు పోతాయన్న వాటిల్లో అది మొదటిది.

పోయిందని నాకు ఎలా తెలిసిందంటే, మనుషుల మొహాలు చూసి. తంబళ్లపల్లె దగ్గర ఒక పల్లెలో హరికథ జరుగుతుంటే, ముందు వరసలో ఆడవాళ్లు చెవులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు మొహాలు చిట్లించారు. దాసు చిడతలు ఆపి నా వైపు గుడ్లురిమి చూశాడు. నాకేమో గొంతు బ్రహ్మాండంగా, లావుగా, మెత్తగా వినపడుతోంది. కరెంటు దొంగకరెంటు, నేనేం చేసేది అని దబాయించి బయటపడ్డాను. మళ్లీ ఏడాది ఆ ఊరివాళ్లు నన్ను పిలవలేదు. ఆ తర్వాత ఇంకో ఊరు పిలవలేదు. అంగడి తెరిచి కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఒక్క మనిషి గడప తొక్కని రోజులు వచ్చాయి. నాకు సెంటు భూమి లేదు, ఇంకో పని చేతకాదు. ఈ వయసులో ఎవరి దగ్గరికి పోయి ఏం పని అడగను? రాత్రి పగలు అదే ఆలోచన. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

పుంగనూరులో రేడియోలు బాగుచేసే స్నేహితుడు ఒకడుండేవాడు. మా నాయన కాలం నుంచి మా సెట్టుకు వైద్యుడు వాడే. వాడికి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. ఒకరోజు బస్సెక్కి పోయి, అంగడిలో గిరాకీలు వెళ్లేదాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత చెప్పేశాను. చెబుతుంటే సిగ్గు లేకుండా కళ్లనీళ్లు వచ్చేశాయి. వాడు వేళాకోళం మనిషి, ఏదో ఒకటి అంటాడనుకున్నాను. వాడు మాత్రం టేబులు మీద డబ్బాలో వేలు పెట్టి కెలికి, కందిగింజంత ఎర్ర గాజుపూస తీసి నా అరచేతిలో పెట్టాడు. దానికి రెండు సన్నటి తీగలు కాళ్లున్నాయి. అప్పటికి కొత్త టేపురికార్డర్ల మీద పాటకు తగ్గట్టు ఎగిరిపడే ఎర్ర చుక్కలు నేను చూడకపోలేదు. ఎల్‌ఈడీ అంటారని కూడా తెలుసు.

"సెవులు సేసే పని కండ్లతో సేసుకో పా," అన్నాడు, నాకు కనపడేలా నోరు తిప్పి.

వాడు చెప్పింది ఇది. పెద్ద వాల్వులు రెండింటి కాళ్ల నుంచి నేలకు పోయే దారిలో ఒక రెసిస్టరు ఉంటుంది. గొంతు పెరిగేకొద్దీ ఆ దారిలో పారే కరెంటు పెరుగుతుంది, రెసిస్టరు మీద ఓల్టేజీ లేస్తుంది. ఆ ఓల్టేజీ ఒక హద్దు దాటినప్పుడే ఈ పూస వెలిగేలా కట్టాలి. మామూలు బల్బు అయితే అది వెలగడానికే బోలెడంత కరెంటు తాగుతుంది, పైగా నిదానం. ఇది అట్లా కాదు, ఇంత చిటికెడు చాలు, మాట పగిలిన క్షణంలోనే వెలుగుతుంది. వాడివి మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. సిగరెట్టు పెట్టె చింపి గీసి చూపించాడు.

చెప్పినంత తేలిగ్గా కుదరలేదు. సెట్టు మోసుకుని పుంగనూరుకు ఎన్నిసార్లు తిరిగానో. మొదట కట్టినప్పుడు స్విచ్చి వేయగానే వెలిగి, ఆర్పేదాకా వెలుగుతూనే ఉంది. ఇంకోసారి గొంతు చించుకున్నా వెలగలేదు. హద్దు ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. ఏ క్షణంలో మాట పగులుతుందో వినేవాడుంటే కదా, ఆ క్షణానికి దీపాన్ని కట్టేది! నాకు వినపడదు. వాడికేమో వయసు మీద పడి చెవుల్లో ఎప్పుడూ కీచురాళ్లేనట. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

అప్పుడు వాడే మదనపల్లెకు వచ్చాడు. మా పెరట్లో గొట్టం కట్టి, మా ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టాం. ఆమెకు పాముచెవులు. వీధి చివర ఎవరి ఇంట్లో పాలు పొంగుతున్నాయో చెప్పగలదు. నేను మైకు పట్టుకుని పద్యం ఎత్తుకుని గొంతు పెంచుతూ పోవాలి, మాట చీలగానే ఆమె చెయ్యెత్తాలి, ఆ ఎత్తిన క్షణానికి దీపం వెలిగేలా వాడు లోపల రెసిస్టర్లు మారుస్తూ పోవాలి. ఇరుగుపొరుగు వచ్చి గోడ మీంచి చూశారు. వీడికి పిచ్చి పట్టిందనుకుని ఉంటారు. ఆమె చెయ్యీ ఆ ఎర్ర పూసా ఒకేసారి లేచేసరికి పొద్దు వాలిపోయింది. నా గొంతు బొంగురుపోయింది. మా ఆవిడ అరుగు దిగొచ్చి, ఆ పూసను చూపుడువేలితో తాకి, నా వైపు తిరిగి ఒక్క మాట అంది.

"ఇంగ నేను నీ పక్కనే ఉండినట్టు."

పెట్టె ముందువైపు, పైభాగాన సరిగ్గా నడిమధ్య బిగించాం దాన్ని. పగటివేళ ఎండలో కూడా కనపడాలని చుట్టూ చిన్న నల్ల కాగితం గొట్టం పెట్టాడు వాడు. ఎవరన్నా అడిగితే అలంకారం అని చెప్పమన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు బతికాను. ఆ మాట అనడానికి నాకు అడ్డమేమీ లేదు. పందిట్లో కూర్చుని చూపు ఆ పూస మీదే పెట్టేవాణ్ణి. చుక్క వెలిగిందా, బిరడా వెనక్కి. మళ్లీ ఊళ్లవాళ్లు పిలవడం మొదలుపెట్టారు. సహాయానికి మనిషిని మాత్రం పెట్టుకోలేదు. పక్కన మనిషుంటే పేరు పెట్టి పిలుస్తాడు, పలక్కపోతే తెలిసిపోతుంది. గొట్టాలు నేనే చెట్లెక్కి కట్టేవాణ్ణి, వైర్లు నేనే లాగేవాణ్ణి, ఎవరన్నా దగ్గరికొస్తే మొహం చూస్తూ మాట్లాడేవాణ్ణి. పొగరుబోతు అని పేరొచ్చింది. రానీ, చెవిటివాడి కంటే పొగరుబోతు నయం.

లోపల మాత్రం భయం పోలేదు. చెవులు ఇంకా దిగజారుతున్నాయి. బస్సు హారన్ను వీపుకు గాలి తగిలాక తెలుసుకునేవాణ్ణి. ఇంట్లో ఆమె మాట వినాలంటే ఆమె పెదాల మీద దీపం వెలుతురు పడాలి. అయినా పందిట్లో కూర్చుంటే హరికథ వినపడుతున్నట్టే ఉండేది. పద్యం పద్యమంతా, రాగంతో సహా. అదే నాకు ధైర్యం. ఇంకా కొంత మిగిలిందిలే, దీనితో ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చులే అనుకునేవాణ్ణి.

రెండువేలు దాటాక ఒక వేసవిలో కుప్పం అవతల ఒక ఊరివాళ్లు భారతానికి పిలిచారు. మా జిల్లాలో భారతమంటే పుస్తకం కాదు, ఉత్సవం. ధర్మరాజుల గుడి ముందు రోజుల తరబడి పగలు హరికథ, ఆ కథలో ఘట్టాలకు తగ్గట్టు నాటకాలు. అందులో పెద్దరోజు తపసుమాను. ఎత్తైన మాను పాతి మెట్లు కొడతారు. అర్జునుడి వేషగాడు మెట్టుమెట్టుకూ పద్యం పాడుతూ పైకెక్కుతాడు. మాను చుట్టూ, పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో బోర్లా పడుకుని ఉంటారు. పైకి చేరి పాడి పాడి అతను విసిరే నిమ్మపండో, పువ్వో, విభూతో తమ మీద పడాలని వాళ్ల ఆశ. ఆ పాట ఊరి పొలిమేర దాకా వినపడాలి. అందుకే నన్ను పిలిచారు. ఉత్సవం నడిపే ఆ ఊరి పెద్దాయన, నేను బస్సు దిగగానే నా సెట్టు చూసి, ఈ గొంతు విని ఎన్నాళ్లయిందో అన్నాడు. ఈ ఒక్కటి బాగా జరిగితే పలమనేరు నుంచి కుప్పం దాకా భారతాలన్నీ నావే. జరక్కపోతే నా సంగతి నాకు తెలుసు.

ముందురోజులన్నీ బాగా జరిగాయి. తపసుమాను నాటి పొద్దున నేను మాను పైకెక్కి మైకు వైరు కట్టి, గొట్టాలు సరిచూసుకుని దిగొచ్చాను. వచ్చేసరికి పందిట్లో పూజ అయిపోయింది. ఆ రోజు మానుకే కాదు, మద్దెలకు, హార్మోనియానికి, చిడతలకు, మైకుసెట్టుకు కూడా పూజ చేస్తారు. నా పెట్టెకు బంతిపూల దండ వేశారు. ముందువైపంతా పసుపు రాశారు. పెట్టెకు మొహముంటే నుదురు ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, నా ఎర్ర పూస మీద, పూజారి గంధం ముద్ద అద్ది దాని మీద కుంకుమ పెట్టాడు. నల్ల కాగితం గొట్టం అడ్డమొచ్చిందని తీసి పక్కన పెట్టాడు. రూపాయి బిళ్లంత బొట్టు. అప్పటికే ఎండకు గంధం ఆరి గట్టిపడుతోంది.

నా దీపం బొట్టు కింద కనపడకుండా పోయింది. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నట్టు చేసి, అదే చేత్తో పెట్టె వైపు పోయాను. సెట్టు పక్కనే కూర్చున్న ముసలామె నా చెయ్యి పట్టేసుకుంది. ఆమె కోడలు తడిబట్టతో మాను కింద పడుకుని ఉంది. ముసలామె కళ్లు పెద్దవి చేసి అన్నది నాకు చూపుకే అర్థమైంది.

"బొట్టు తుడస్తారా నాయనా, ఈ పొద్దు?"

నిజమే. మా వైపు పూజ బొట్టు ఎవరూ తుడవరు, దానంతటది రాలిపోవాల్సిందే. అందులో ఆ రోజు, అందులో అంతమంది ఆడవాళ్లు పిల్లల కోసం నేల మీద పడుకుని ఉండగా! యాల తుడస్తాండావు అని అడిగితే ఏం చెప్పను? ఆ దీపం లేకపోతే నాకు కుదరదని చెప్పాలి. దీపం యాల, సెవులు లేవా అంటారు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. నిజం చెబితే బతుకు పోతుంది, చెప్పకపోతే సెట్టు పోవచ్చు. పోవచ్చు, పోకపోవచ్చు. ఆ పోకపోవచ్చును పట్టుకుని వేలాడాను. రోజూ బిరడా ఎక్కడ ఉంచానో నాకు గుర్తుంది. అంతకంటే ఒక వెంట్రుకవాసి కూడా జరపను, ఎవరన్నా రానీ అనుకున్నాను. కళ్లు మూసుకుని ధర్మరాజులకు దండం కూడా పెట్టాను, ఎప్పుడూ దేవుళ్లను తిట్టే నేనే.

అర్జునుడు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మొదటి పద్యం నాకు చక్కగా వినపడింది. రెండోదీ వినపడింది. జనం ఆ రోజు ఎన్నడూ లేనంత వచ్చారు, కర్ణాటక వైపు నుంచీ తమిళం వైపు నుంచీ కూడా. వెనకవాళ్లకు వినపడటం లేదని కాబోలు, పెద్దాయన పందిట్లోకి తలపెట్టి, అరచెయ్యి పైకెత్తి పెంచమని సైగ చేశాడు. నేను చూడనట్టు కూర్చున్నాను. మళ్లీ వచ్చి నా భుజం తట్టి సైగ చేశాడు. కొంచెం జరిపాను. చూపు బొట్టు మీదే ఉంది. అది ఎర్రగా ఉంది. కుంకుమ ఎరుపా, దీపం ఎరుపా? కుంకుమే, కుంకుమే అనుకున్నాను. మాను చివరకు చేరాక గాలికి మాట కొట్టుకుపోతుందని వేషగాడు మెడలో మైకు తీసి నోటికి ఆనించుకున్నాడు. అది నేను చూశాను. వెంటనే తగ్గించాలని నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే పెద్దాయన మూడోసారి చెయ్యెత్తాడు, పక్కన ఇంకో నలుగురు ఎత్తారు. పెంచాను. పద్యం కమ్మగా సాగిపోతోంది.

జనం చెవులు మూసుకుంటున్నారట. అది నేను చూడలేదు, బొట్టునే చూస్తున్నాను కాబట్టి. చేతులెత్తిన ఆ నలుగురూ ఇప్పుడు చేతులు కిందికి ఊపుతున్నారట. నాకు ముందు తెలిసింది ముక్కుకు. బంతిపూల వాసనలోంచి కమురు వాసన వచ్చింది. అప్పుడు ముసలామె ఉందో, పూజారి ఉన్నాడో చూడలేదు. చూపుడువేలి గోటితో ఆ బొట్టు గీకాను. గంధం పెళ్లగా ఊడి వచ్చింది. దాని కింద నా దీపం నిప్పుకణికలాగా వెలుగుతూనే ఉంది. ఆరడం లేదు, మినుకుమనడం లేదు, ఎప్పటి నుంచి వెలుగుతోందో ఏమో. బిరడా వెనక్కి తిప్పేలోగా మూత చిల్లుల్లోంచి పొగ లేచింది, దీపం దానంతటదే ఆరిపోయింది.

ట్రాన్స్‌ఫార్మరు పోయింది. సెట్టు చచ్చిపోయింది.

తల పైకెత్తాను. మాను మీద అర్జునుడి నోరు కదులుతోంది. నాకు పద్యం వినపడుతూనే ఉంది.

అది అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. సెట్టు కాలిపోయింది, గొట్టాల్లో ప్రాణం లేదు, మనిషి అంత ఎత్తున ఉన్నాడు, నాకు మాత్రం పద్యం అంతకు ముందు ఎట్లా వినపడిందో అట్లాగే, రాగంతో సహా, లావుగా మెత్తగా వినపడుతోంది. చిన్నప్పటి నుంచి విన్న పద్యం అది. నోటికి వచ్చినదే నా లోపల మోగుతోంది. ఈ ఉత్సవంలో నేను ఒక్క ముక్క కూడా వినలేదు. అంతకు ముందు ఉత్సవాల్లో విన్నానో లేదో నాకు తెలియదు. ఇంకా కొంత మిగిలిందిలే అని పట్టుకు వేలాడిందంతా ఇదీ!

పెద్దాయన గుంపును తోసుకుంటూ వచ్చాడు. మొహం కందిపోయి ఉంది. సెవులు యాడ పెట్టుకోనుండావు అని అరిచాడట, తర్వాత ఎవరో చెప్పారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇక దాచడానికి ఏముంది. మాను వైపు చూపించి అడిగాను.

"పాడతాండాడా సామీ?"

ఆయన నన్ను చూశాడు, పొగ వస్తున్న పెట్టెను చూశాడు, కుంకుమ అంటిన నా వేలిని చూశాడు. కోపం ఆయన మొహంలోంచి కొంచెం కొంచెంగా దిగిపోయింది. అది దిగకుండా ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. అవునని మెల్లగా తలూపాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అది చూశారు. శంఖమూదేవాణ్ణి ఏం కొరుకుతున్నావని అడిగిన మనిషిని వాళ్లు కళ్లారా చూశారు, ఒక్కరూ నవ్వలేదు.

జనం మాను దగ్గరికి జరిగి కూర్చున్నారు. మైకు లేకపోతే పోయె, దగ్గరికి జరిగితే సరిపోయింది వాళ్లకు. ముసలామె కోడలి వీపు మీద నిమ్మపండు పడింది. పడగానే ఆ పిల్ల లేచి ఏడుస్తూ దాన్ని కొంగులో మూటగట్టుకుంది. నేను బొట్టు తుడిచినందుకు వాళ్లకేమీ చెడు జరగలేదని మాత్రం కొంచెం ఊరట. కథ ముగిసేదాకా ఆ చచ్చిన పెట్టె ముందే కూర్చున్నాను. లేచి పోవడానికి మొహం చెల్లలేదు.

పెట్టె మోసుకుని కుప్పం నుంచి పలమనేరు, పలమనేరు నుంచి పుంగనూరు, అక్కడి నుంచి మదనపల్లె. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు దిగి స్నేహితుడికి చూపిద్దామా అనుకుని దిగలేదు. చూపించి ఏం లాభం, ట్రాన్స్‌ఫార్మరు చుట్టించవచ్చేమో, ఈ తలకాయను ఎవడు చుడతాడు?

ఇంటికి చేరేసరికి మా ఆవిడ స్టవ్వు దగ్గర ఉంది. పెట్టె దించిన తీరు చూసే ఆమెకు తెలిసిపోయింది. దగ్గరికి వచ్చి చిల్లుల మూత మీద ముక్కు పెట్టి వాసన చూసింది. ముందువైపు ఆ పూసను, దాని చుట్టూ మిగిలిన గంధాన్ని చూసింది. నేను జరిగిందంతా చెప్పాను, బొట్టు సంగతీ, పెద్దాయన తలూపిన సంగతీ. చివరికి అసలు సంగతి చెప్పాను. సెట్టు ఆగిపోయినా పద్యం ఆగలేదని, ఇప్పటికీ నాలో మోగుతూనే ఉందని, ఎన్నాళ్లుగా వింటున్నానో, ఎన్నాళ్లుగా గుర్తు చేసుకుంటున్నానో నాకే తెలియడం లేదని చెప్పాను.

ఆమె నా కళ్లలోకి చూసింది. దీపం వెలుతురు ఆమె పెదాల మీద పడుతూ ఉంది.

"మరి నా మాట?" అంది.

ఆ మూడు మాటలూ ఆమె గొంతుతోనే వినపడ్డాయి నాకు, పెళ్లయిన కొత్తల్లో ఎట్లా ఉండేదో ఆ గొంతుతో.

ఆమె లేచి స్టవ్వు దగ్గరికి పోయి, నాకు వీపు తిప్పి నిలబడింది. ఒకప్పుడు నన్ను పరీక్ష చేసేటప్పుడు నిలబడినట్టే. ఆమె భుజాలు మెల్లగా కదులుతున్నాయి. మాట్లాడుతోందో, ఏడుస్తోందో నాకు తెలియలేదు.